పైకి మాత్రమే వెళ్ళే చప్పుడు

కోట, సింహద్వారం పక్క పనిగది
వానలకి ముందు

వదినా,

"ఫోన్లో నువ్వు బాగున్నాను, తిన్నాను, ఉంటాను తప్ప నాలుగో మాట చెప్పవు. ఉత్తరమైతే పేజీ నింపాలి కాబట్టి ఎక్కడో ఒకచోట నిజం చెప్పేస్తావు" అని రైలెక్కిస్తూ అన్నావు కదా. నీ మాటే నెగ్గింది. ఈ గోడల మందానికి లోపల ఫోను పనిచేయదు. అందుకని సున్నం బస్తా మీద కూర్చుని రాస్తున్నాను. కాగితం మీద తెల్లటి వేలిముద్రలు కనిపిస్తే అవి నావే, పోలీసుల్ని పిలవకు.

సింహద్వారం దాటగానే ఉండే పెద్ద గుమ్మటం గుర్తుందా? దాని లోపలి కప్పు మొత్తం నాకే అప్పగించారు. ఇన్నాళ్ళూ ఎవరో ఒకరి కిందే పనిచేశాను. ఈసారి మేస్త్రీలందరూ నన్నే అడుగుతారు. పెద్ద ఇంజనీరుగారు వారానికోసారి వచ్చి, కిందనుంచే తల ఎత్తి చూసి, మెడ పట్టుకుని వెళ్ళిపోతారు. నేను పరంజా మీద వెల్లకిలా పడుకుని పెచ్చులూడిన పాత గచ్చు తీసి కొత్త సున్నం పెడుతున్నాను. సిమెంటు పూస్తే తొందరగా అయిపోతుందని కాంట్రాక్టరు చెవిలో జోరీగలా పోరుతున్నాడు. ససేమిరా అన్నాను. మనం చేసిన పని తప్పని రేపు ఎవరికైనా అనిపిస్తే, రాయికి దెబ్బ తగలకుండా దాన్ని తీసేయగలగాలి. మా వృత్తిలో అన్నిటికంటే ముందు నేర్పేది అదే. సున్నాన్ని తీయొచ్చు. సిమెంటు తీయబోతే రాయి కూడా ఊడొస్తుంది.

చూడ్డానికి వచ్చేవాళ్ళని ఆపలేదు. పరంజా కింద వల కట్టి, దాని కిందనుంచి పంపిస్తున్నారు. వాళ్ళని తిప్పే గైడొకడు ఉన్నాడు. మావాళ్ళు అతన్ని 'మైకు' అంటారు, మైకు అవసరం లేని గొంతు కాబట్టి. అతని ప్రదర్శన రోజూ ఒకటే. గుంపులో సగం మందిని మెట్లెక్కించి పైన పహరా గదికి పంపుతాడు. తను గుమ్మటం కింద నిలబడి చేతులు చరుస్తాడు. అంత ఎత్తున ఉన్న గదిలో అది చెవి పక్కనే మోగినట్టు వినిపిస్తుందట. "ఇది కాపలావాళ్ళ సంకేతమండీ! ఒక్కసారి చరిస్తే వచ్చినవాళ్ళు మనవాళ్ళేనని, వెంటవెంటనే రెండుసార్లు చరిస్తే పరాయివాళ్ళని! చప్పుడు పైకి వెళ్తుందే గానీ, పైనుంచి ఎంత కొట్టినా కిందకి రాదు. అదీ మా గుమ్మటం మహిమ!" అంటాడు. ఆ మహిమంతా సరిగ్గా నా వీపు కిందే జరుగుతుంది. నిన్న ఏమన్నాడో తెలుసా? "పైన వేలాడుతున్నది గబ్బిలం కాదండీ, మా ఇంజనీరమ్మ" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. తాపీ విసిరేసేదాన్నే, వల ఉందని ఊరుకున్నాను.

గుమ్మటం అంచు చుట్టూ పిడికిలి పట్టేంత బొక్కలు ఉన్నాయి. పాత పటాల్లో 'పరంజా కర్రల కోసం వదిలినవి' అని రాసి ఉంది. వాటిలో పావురాలు కాపురాలు పెట్టాయి, ఒకదాంట్లో తేనెటీగలు. మా జాతికి గోడలో బొక్క కనిపిస్తే నిద్రపట్టదు వదినా. వాన నీళ్ళు దిగే దారి అనే అనిపిస్తుంది. శుభ్రం చేసి ఒక్కటి కూడా మిగలకుండా మూసేస్తున్నాను. రేపు వేలితో తడిమి చూసినా ఎక్కడ ఉండేవో ఎవరికీ తెలియదు.

అన్నయ్యకి చెప్పు, టోపీ పెట్టుకుంటున్నానని.

నీ మరదలు


ఇల్లు, వంటింటి బల్ల దగ్గర
మొదటి వాన పడ్డ రోజు

మరదలు పిల్లా,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ క్షేమం కోసం, రెండోసారి సరదా కోసం. సున్నం గురించి కొంచెం, అన్నయ్య గురించి ఒక్క ముక్క, ఆ మైకు గురించి అన్నిటికంటే పెద్ద పేరా. నేను ఇరవై ఏళ్ళుగా బస్సులో టికెట్లు కొడుతున్నానమ్మాయ్. ఎక్కిన మనిషి ఎక్కడ దిగుతాడో మొహం చూస్తే చెప్పగలను. నువ్వు ఇప్పుడే ఎక్కావు. ఎక్కడ దిగుతావో చూద్దాం.

తాపీలు గీపీలు విసరకు. గబ్బిలం అన్నాడని కోపమా? చిన్నప్పుడు నీకు జడ వేసేటప్పుడు నేను అంతకంటే ఘోరమైన పేర్లే పెట్టాను.

ఇక్కడ అంతా మామూలే. మీ అన్నయ్య కొట్లో గడియారాల మధ్య కూర్చుని, అవి చేసే చప్పుడులో పదో వంతైనా చేయరు. నిన్న నేను రోజంతా ఏం జరిగిందో గంటసేపు చెప్పి, "ఏమంటారు?" అన్నాను. "ఊఁ" అన్నారు. ఈ ఉత్తరంలో ఏమైనా రాస్తారా అని కలం చేతికిస్తే, చాలాసేపు ఆలోచించి కింది వాక్యం రాశారు. ఆయన లెక్కలో ఇది మహాకావ్యం.

వదిన

పరంజా తాళ్ళు రోజూ నువ్వే చూసుకో. వేరేవాళ్ళకి వదలకు. — అన్నయ్య


కోట, పనిగది
వానలు తగ్గుముఖం పట్టాక

వదినా,

అయిపోయింది! పరంజా విప్పేశారు. నా గుమ్మటం చూసుకుని నాకే దిష్టి తగిలేలా ఉంది. గుడ్డు లోపలి వైపు ఎలా ఉంటుందో అలా ఉంది. పెద్ద ఇంజనీరుగారు ఈసారి మెడ సంగతి మరిచిపోయి చూస్తూ ఉండిపోయారు. దీని ఫోటో తీసి, ద్వారం దగ్గర పెద్ద పలక మీద పెట్టిస్తున్నారు. వచ్చే నెల పండగలా ప్రారంభం చేస్తారట. ఆ రోజే ఉత్తరం వైపు పెద్ద బురుజు పనికి నన్ను ముఖ్యురాలిగా ప్రకటిస్తామని నాతో ఒక్కదానితోనే చెప్పారు. ఇంకెవరికీ చెప్పొద్దన్నారు. నువ్వు 'ఇంకెవరో' కాదు కదా.

ఇంత సంతోషంలో ఒక్క పంటికింద రాయి. నా మొదటి ఉత్తరం తర్వాత చూసేవాళ్ళని ఈ భాగానికి రానివ్వలేదు, గచ్చు పైపైన గట్టిపడ్డాక మొన్నే తెరిచాం. గుంపుల్ని తిప్పే ఆయన వెంటనే సగం మందిని పైకి పంపి చేతులు చరిచారట. పైన ఏమీ వినిపించలేదట. ఇంకా గట్టిగా చరిచారట. ఊహూఁ. సాయంత్రం నా దగ్గరికి వచ్చి, అందరూ వింటుండగా, "అమ్మా, గోడ మూగబోయింది" అన్నారు. చావు కబురు చెప్పినట్టు చెప్పారు. మా మేస్త్రీ వెంటనే, "నీ కథలు నువ్వే నమ్మితే ఎలాగయ్యా? పచ్చి గచ్చు, ఆరితే అదే మోగుతుంది" అని కసిరాడు. నేనూ అదే అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. ఇన్ని నెలలు నేను వెల్లకిలా పడుకుని చేసిన పని మీద మొట్టమొదట వచ్చిన మాట అదా? బాగుంది అని ఒక్క ముక్క అన్న తర్వాత చెప్పొచ్చు కదా.

నేను మాత్రం పైకి వెళ్ళి విని చూడలేదు. చూడాల్సిన అవసరం కూడా లేదు. గచ్చు ఆరిపోతే అంతా సర్దుకుంటుంది.

మరదలు


ఇల్లు
ఉతికిన బట్టలు ఆరుతున్న ఎండలో

పిల్లా,

గుమ్మటానికి, నీకు, మీ అన్నయ్య రహస్యంగా తుడుచుకున్న కళ్ళకి, మూడింటికీ నా అభినందనలు. కొట్టుకి వచ్చిన ప్రతి మనిషికీ "మా చెల్లెలు" అని మొదలుపెట్టి, తర్వాత ఏమనాలో తెలియక ఆపేస్తున్నారట. పక్క కొట్టు ఆయన చెప్పాడు.

ఇక అసలు సంగతి. మైకు కాస్తా 'ఆయన' ఎప్పుడయ్యాడు? సరే, దాన్ని తర్వాత చూసుకుందాం. బస్సులో నేను అడగకముందే "నా దగ్గర టికెట్టు ఉందండీ" అనేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళ దగ్గర ఎప్పుడూ టికెట్టు ఉండదు. "నేను పైకి వెళ్ళి చూడలేదు" అని నిన్ను ఎవరు అడిగారు? నువ్వు వెళ్ళావు. నిజం రాయి.

నాకు ఈ వారం సెలవు ఉంది. మా పిన్ని కూతురి ఇంటికి వెళ్ళి వస్తాను. నీ జాబు ఆలస్యమైనా పరవాలేదు.

వదిన

గడియారం ఆగితే ఆఖరున చేయి పెట్టినవాడినే అడుగుతారు. అది నింద కాదు. కోపం తెచ్చుకోకు. — అన్నయ్య


కోట, పనిగది
వానలు వెలిసిన ఎండల్లో

వదినా,

నీ దగ్గర నా పప్పులు ఉడకవు. వెళ్ళాను. అందరూ ఇళ్ళకి వెళ్ళాక మేస్త్రీని కింద నిలబెట్టి, ఏదో కొలతలని అబద్ధం చెప్పి చేతులు చరవమన్నాను. పైన పహరా గదిలో కిటికీ దగ్గర నిలబడ్డాను. గాలి వినిపించింది. దూరంగా ఎవరో ఊడుస్తున్న చీపురు చప్పుడు వినిపించింది. చప్పట్లు మాత్రం వినిపించలేదు. గచ్చు ఎప్పుడో ఆరిపోయింది వదినా. రాయిలా ఉంది.

ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఏం చేయను? ఎక్కడ ఏం చెడిందో నాకే తెలియదు. గుమ్మటం ఆకారం వల్లే మోగేదంటారు, ఆకారం నేను వెంట్రుకవాసి కూడా మార్చలేదు. అసలు అది ఎందుకు మోగేదో తెలియనప్పుడు ఎందుకు ఆగిపోయిందో ఎలా చెప్పను? నోరు విప్పితే కప్పంతా పగలగొట్టి వెతకమంటారు. బురుజు నా చేతికి రాదు. "ఆవిడ పట్టుకుంటే కోటే మూగబోయింది" అన్న పేరు మాత్రం జీవితాంతం ఉంటుంది. మొదటిసారి నాకంటూ ఒక పని ఇచ్చారు, అది ఇలా అయింది.

దానికి తోడు ఆ మనిషి. నాతో మాట్లాడటం మానేశాడు. గుంపుతో ఉండగా నేను అటు వెళ్తే చాలు, ఆ గొంతు ఉన్నట్టుండి తగ్గిపోతుంది. ఏదో గొణుగుతాడు. అందరూ తల ఎత్తి నా కప్పు చూసి నవ్వుతారు. రోజూ అదే. నా గురించి ఏం చెబుతున్నాడో నాకు తెలియదనుకుంటున్నాడు. ప్రారంభం అయ్యేదాకా పళ్ళ బిగువున ఉండి, బురుజు పని మొదలైపోతే ఈ ద్వారం వైపు రానే రాను.

నన్ను తిట్టకు. ఏడుపు వస్తోంది.

మరదలు


ఇల్లు
ప్రయాణం అలసట తీరకుండానే

ఒసే పిచ్చిదానా,

ముందు కూర్చో. సున్నం బస్తా మీదైనా సరే, కూర్చుని చదువు.

నేను పిన్ని కూతురి ఇంటికి వెళ్ళలేదు. నీ కోటకి వచ్చాను. మీ అన్నయ్య కళ్ళద్దాలు పెట్టుకుని, తలకి గుడ్డ చుట్టుకుని, టికెట్టు కొనుక్కుని దర్జాగా వచ్చాను. జీవితంలో మొదటిసారి నాకు ఇంకొకరు టికెట్టు చింపి ఇచ్చారు. మీ మైకు గుంపులో చేరాను. నువ్వు సున్నం బకెట్టు పట్టుకుని ఎదురుగా వచ్చి "కొంచెం జరగండమ్మా" అన్నావు. జరిగాను! నిన్ను పెంచిన వదినని నేను, నాకు దారి తొలగమని చెప్పి చక్కా పోయావు. గట్టిగా నవ్వేద్దును, పెదవి కొరుక్కుని ఆపుకున్నాను. చిక్కావు, వేళకి తినడం లేదు, అది వేరే ఉత్తరంలో తిడతాను.

ఇప్పుడు ఆయన గొంతు తగ్గించి ఏం చెబుతాడో విను. నేను ఆయన పక్కనే నిలబడ్డాను. నువ్వు కనిపించగానే గొంతు తగ్గింది, నిజమే. "అదిగో, ఆవిడేనండీ. అటు చూడకండి, మొహమాటపడుతుంది. నెలల తరబడి వెల్లకిలా పడుకుని ఈ కప్పు చేసింది. సిమెంటు పూయమని ఎంతమంది చెప్పినా వినలేదు. ఎంత నున్నగా ఉందో చూడండి, మీ మొహాలు కనిపించినా ఆశ్చర్యపోకండి" అన్నాడు. అందుకే అందరూ తల ఎత్తి నవ్వేది, తింగరిదానా.

తర్వాత చప్పట్ల సంగతి వచ్చింది. ఆయన చరవలేదు. "మా కోట గొంతుకి వైద్యం జరిగిందండీ. డాక్టరమ్మ చేయి చాలా మంచిది, కొన్నాళ్ళు మాట్లాడనివ్వొద్దంది. కోలుకున్నాక మళ్ళీ రండి, వినిపిస్తాను" అన్నాడు. వెనకనుంచి ఒక పెద్దమనిషి "ఈ మరమ్మతులవాళ్ళే పాడుచేసి ఉంటారు" అన్నాడు. అబ్బ, మీ మైకు అప్పుడు చూడాలి! గుమ్మటం అదిరింది. "కూలిపోయే కప్పు కింద నిలబడి చప్పట్లు వింటారా, నిలబడే కప్పు కింద కొన్నాళ్ళు ఓపిక పడతారా?" అన్నాడు. పాపం, ఈయన రోజంతా బతికేది ఆ ఒక్క చప్పట్ల ఆట మీద. అది పోతే ఎవరి మీద కోపం రావాలి? అలాంటి మనిషి నీ పేరు కాపాడుతూ తిరుగుతున్నాడు, నువ్వేమో పళ్ళు బిగించుకుని కూర్చున్నావు.

అన్నీ చూశాక నేనూ నా వంతు చేశాను. అందరి ముందూ "బాబూ, పెళ్ళయిందా?" అని అడిగాను. అంత గొంతూ ఎటు పోయిందో! "లేదమ్మా" అన్నది నాకే సరిగా వినిపించలేదు.

పైకి కూడా వెళ్ళాను. బయల్దేరేముందు ఒక ఆవిడని బతిమాలి కింద నిలబెట్టి చేతులు చరవమన్నాను. నీ మాట నిజమే, ఏమీ లేదు. కానీ నువ్వు కిటికీ దగ్గర నిలబడి విన్నానన్నావే, అదే నాకు అర్థం కాలేదు. మేం కొత్తగా పెళ్ళయి నిన్ను వెంటబెట్టుకుని వచ్చినప్పుడు మీ అన్నయ్య కింద చరిచారు. నువ్వు కిటికీ దగ్గర లేవు. గదిలో మూలకి పరిగెత్తి, గోడమీద చెక్కిన పువ్వులకి చెవి ఆనించి, "వదినా, గోడ మాట్లాడుతోంది!" అని గంతులేశావు. దిగి రమ్మంటే రాకుండా ఏడ్చావు కూడా. కిటికీలోంచి కాదే, చప్పుడు గోడలోంచే వచ్చింది. నీకు గుర్తులేదా?

నిన్ను తిట్టను. కానీ ఆయన్ని ఒక్కడినే అబద్ధాలకోరుగా నిలబెట్టి బురుజు ఎక్కితే మాత్రం తిడతాను.

వదిన

నా కళ్ళద్దాలు అక్కడే మరిచిపోయి వచ్చింది. దొరికితే పంపు. — అన్నయ్య


కోట, పహరా గది
అదే వారం, ఎండలో

వదినా,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను, తర్వాత ఏడ్చాను, తర్వాత మెట్లు ఎక్కాను. ఎక్కడం కాదు, పరిగెత్తాను.

మూల గోడ మీద వరసగా చెక్కిన పువ్వులు. ఎన్నిసార్లు దుమ్ము దులిపానో వాటికి! ప్రతి పువ్వు మధ్యలో బొడ్డు చోట బొటనవేలు పట్టేంత బొక్క ఉంది. అది అలంకారం అనుకున్నాం అందరం. దారానికి ఒక మేకు కట్టి లోపలికి వదిలాను. పోతోంది, పోతోంది, ఎంతకీ ఆగదు. గోడ లోపల నిలువునా మట్టి గొట్టం ఉంది! చివరికి ఎక్కడో టక్కుమని ఆగింది.

ఎక్కడ ఆగిందో తెలియాలంటే కింద ఒక మనిషి కావాలి. మేస్త్రీని పిలవొచ్చు, పిలవలేదు. ఆయన్నే పిలిచాను. ఏమని పిలవాలో తెలియక "ఏమండీ" అన్నాను, అది ఇంకోలా వినిపించి ఇద్దరం అటూ ఇటూ చూశాం. ఆయన నిచ్చెన వేసుకుని, కప్పు అంచు చుట్టూ తాపీ పిడితో తడుతూ వచ్చారు. నేను పైన దారం పట్టుకుని కూర్చున్నాను. ఒకచోట తట్టగానే దారం నా వేళ్ళలో వణికింది. అది నేను మూసిన బొక్క వదినా. పరంజా కర్రల కోసం కాదు అవి. గుమ్మటం కాదు మోగింది, ఆ బొక్కల్లోంచి చప్పుడు గోడ లోపల పైకి ఎక్కేది. కోట కట్టినవాళ్ళు పెట్టిన గొంతులన్నిటినీ నేను ఒక్కొక్కటిగా, ప్రేమగా, నున్నగా మూసేశాను.

సరాసరి పెద్ద ఇంజనీరుగారి దగ్గరికి వెళ్ళాను.

"సార్, చప్పుడు పోగొట్టింది నేనే" అన్నాను. అంతా చెప్పాను.

ఆయన లేచి వచ్చి, గుమ్మటం కింద నిలబడి చాలాసేపు పైకి చూశారు. "ఎంత బాగా చేశావమ్మా దీన్ని" అన్నారు.

"అదే సార్ బాధ."

"దేంతో మూశావు? సిమెంటా?"

"సున్నం సార్."

"మరి ఏడుస్తావేం? తీసెయ్."

ఉలి పట్టుకుని నేనే ఎక్కాను. నా చేత్తో నునుపు చేసిన చోట మొదటి దెబ్బ కొట్టడానికి చేయి రాలేదు. నువ్వు 'మీ మైకు' అన్న ఆయనే కింద నిచ్చెన పట్టుకుని ఉన్నారు. మాట్లాడలేదు. ఆ మనిషి మాట్లాడకుండా ఉండటం నేను మొదటిసారి చూశాను. కొట్టాను. సున్నం పొడిపొడిగా రాలింది, గొట్టం అంచుకి గీత కూడా పడలేదు. మొదటిది తెరవగానే మేస్త్రీ మెట్లెక్కి పైకి వెళ్ళాడు. ఆయన కింద చేతులు చరిచారు. పైనుంచి మేస్త్రీ కిటికీలోంచి తల బయటపెట్టి, "మోగిందమ్మో!" అని అరిచిన అరుపుకి పావురాలన్నీ లేచిపోయాయి. అన్నీ తెరిచాక ఎలా ఉందో తెలుసా? పాత గూళ్ళు, చెత్త, తేనెపట్టు ఏమీ లేవు కదా ఇప్పుడు. ముందుకంటే స్పష్టంగా వినిపిస్తోంది. కింద చేతులు చరవడమే కాదు, మామూలుగా మాట్లాడినా పైన తెలుస్తోంది!

పలక మీద ఫోటో మార్చారు. కొత్తదాంట్లో నా గుమ్మటానికి చుట్టూ బొక్కలున్నాయి. వాటికి పావురాలు దూరకుండా సన్నటి తీగ వల కడుతున్నాను. బురుజు నాకేనని పెద్ద ఇంజనీరుగారు మళ్ళీ చెప్పారు. "అక్కడ బొక్క కనిపిస్తే ముందు నన్ను పిలు" అని మాత్రం అన్నారు.

అన్నయ్య కళ్ళద్దాలు ఆయన దగ్గర దొరికాయి. పెళ్ళయిందా అని అడిగిన పెద్దావిడ మరిచిపోయిందని భద్రంగా దాచారు. ఆవిడ ఎవరో చెప్పాను. ఆయన మొహం చూడాల్సింది.

ఇంకేం విశేషాలు లేవు.

మరదలు


ఇల్లు
పెద్దావిడ రాయునది

విశేషాలు లేవా? సరే, నమ్మాం.

'ఆ మైకు' ఒక ఉత్తరంలో, 'ఆయన' ఇంకో ఉత్తరంలో, 'ఆ మనిషి' మరో దాంట్లో. ఇప్పుడు పేజీ అంతా మళ్ళీ ఆయనే, కానీ విశేషాలు లేవు! బస్సు ఆఖరి స్టాపుకి వచ్చింది అమ్మాయ్, ఇంకా సీట్లో కూర్చుని కిటికీలోంచి చూస్తున్నావు. దిగు.

మీ ఇద్దరిలో ఒకరికి గొంతు ఎక్కువ, ఒకరికి పొగరు ఎక్కువ, ధైర్యం ఇద్దరికీ తక్కువ. ప్రారంభానికి మేమిద్దరం వస్తున్నాం. ఆలోగా ఏమీ తేలకపోతే నేనే గుమ్మటం కింద నిలబడి అడిగేస్తాను. పైన ఎంతమంది ఉన్నా సరే.

వదిన

నా అద్దాలు ఆయన తుడిచి దాచాడా? — అన్నయ్య


కోట, పనిగది
ప్రారంభానికి ముందు

వదినా,

నువ్వు అడగాల్సిన అవసరం రాలేదు.

ఇవాళ పహరా గదిలో పువ్వుల దుమ్ము తుడుస్తున్నాను. ఆయన గుంపులో సగం మంది మెట్లెక్కి వచ్చి, ఆయాసపడుతూ గోడ చుట్టూ మూగారు. నేను మూలలో బకెట్టు వెనక ఉన్నాను. రోజూలాగే కింద ఒక్కసారి చేతులు చరిచారు. అందరూ "అబ్బో" అన్నారు. ఆ తర్వాత గోడ మాట్లాడింది. కింద మిగిలిన గుంపు పక్కకి వెళ్ళాక ఆయన ఒక్కరే నిలబడ్డారట. ఎప్పుడూ వినని చిన్న గొంతు.

"పైన డాక్టరమ్మగారు ఉన్నారని మేస్త్రీ చెప్పాడు. మీ ఎదురుగా ఉంటే నాకు మాట రాదండీ, అందుకని గోడకి చెబుతున్నాను. ఆ పెద్దావిడ పెళ్ళయిందా అని అడిగితే లేదన్నాను. అది కావాలంటే మీరు ఒప్పుకోవాలి. మీకు ఇష్టం లేకపోతే ఇక్కడినుంచి ఏమీ వినబడలేదనుకోండి, రేపటినుంచి మామూలుగానే ఉంటాను."

ఒక్కొక్కరే వెనక్కి తిరిగి, సున్నం కొట్టుకుపోయిన నన్ను చూశారు. "ఆ డాక్టరమ్మ మీరేనా?" అని ఒకావిడ అడిగింది. తల ఊపాను. "మరి చెప్పవేం తల్లీ!" అన్నారు. చెప్పాను వదినా. "సరే" అని గోడకి నోరు పెట్టి చెప్పాను. ఇంకా గట్టిగా చెప్పాను. అప్పుడు గుర్తొచ్చింది, పైనుంచి కిందకి ఏమీ వినిపించదు! పాపం, ఆయన కింద ఏ జవాబూ లేని గోడని చూస్తూ నిలబడి ఉంటారు. కిటికీలోంచి తొంగిచూస్తే అప్పటికే తల వంచుకుని వెళ్ళిపోతున్నారు.

మెట్లు ఎలా దిగానో తెలియదు. బకెట్టు తన్నేశాను, టోపీ దొర్లుకుంటూ నాకంటే ముందు చేరింది. గుమ్మటం కిందకి వచ్చేసరికి ఊపిరి అందలేదు, ఒక్క మాట బయటికి రాలేదు. ఆయన ద్వారం దగ్గర ఆగి వెనక్కి చూశారు. ఏం చేయాలో తోచలేదు. రెండు చేతులూ ఎత్తి ఒక్కసారి చరిచాను.

ఒక్కసారే. చుట్టూ సున్నం పొడి లేచింది.

రోజూ ఆయన చెప్పే సంకేతమే కదా, ఆయనకి అర్థమైంది. పైన అందరికీ కూడా అర్థమైంది. పహరా గది కిటికీలోంచి వేసిన ఈలలు, అరిచిన అరుపులు నేల మీదకి మామూలుగానే వినిపించాయి, వాటికి గొట్టాలు అక్కర్లేదు కదా. ఆయన ఏమన్నారో రాయను. ఆ మాత్రం నాకూ ఉండనీ.

అన్నయ్యకి నువ్వే చెప్పు. నాకు సిగ్గుగా ఉంది, భయంగా కూడా ఉంది. "ఊఁ" అంటారో, ఏమీ అనరో. ఏమన్నా సరే, ఉన్నదున్నట్టు రాయి.

మరదలు


ఇల్లు
నీ ఉత్తరం అందిన గంటకి

నా బంగారు తల్లీ,

నేను కొట్టుకే తీసుకెళ్ళి చదివి వినిపించాను. ఒక చిన్న గడియారం విప్పి, చక్రాలన్నీ బల్ల మీద పరిచి ఉన్నారు. నువ్వు మెట్లు దిగే చోట ఆయన చేయి ఆగింది. అంతా అయ్యాక "ఏమంటారు?" అని అడిగాను. ఏమీ అనలేదు. నాకు ఒళ్ళు మండింది. "మీ చెల్లెలు అక్కడ ప్రాణం బిగబట్టుకుని కూర్చుంది, ఒక్క మాట చెప్పండి!" అన్నాను.

లేచారు. కళ్ళకి తగిలించుకున్న భూతద్దం తీసి బల్ల మీద పెట్టారు. కొట్టు గుమ్మం దాకా నడిచి, నీ కోట ఉన్న వైపుకి తిరిగి, వీధిలో వాళ్ళందరూ చూస్తుండగా, రెండు చేతులూ ఎత్తి చరిచారు.

ఒక్కసారే.

వదిన